రిటైరయ్యారు, రాత్రిళ్ళు మాత్రం డ్యూటీలోనే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యుద్ధం చూసొచ్చినవారిని వదలని పీడకలలు, ఉలికిపాటు గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల మిలటరీ ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈ నెల శీర్షిక మొత్తం ఇస్తున్నాం. రాసినవారి పేర్లు తీసేశాం. మందుల మోతాదులు చెప్పింది డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు తెలిసి ఉండాలని. ఈ కాగితం చూపించి మెడికల్ షాపులో కొనుక్కోవద్దు.

ప్రశ్న: మా ఆయన ఆర్మీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా ఇంటికొచ్చారు. రెండు దఫాలు కాశ్మీరులో రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉన్నారు. వచ్చి ఆరేళ్ళయింది. నిద్రలో హిందీలో అరుస్తారు. పోయిన నెల లేపుదామని భుజం పట్టుకుంటే నా గొంతు పట్టుకున్నారు. కళ్ళు తెరిచి నన్ను చూసి ఏడ్చారు. అప్పటినుంచి వరండాలో పడుకుంటున్నారు. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు, మొహం తలుపుకు ఉండాల్సిందే. మా అత్తమ్మ గాలి సోకిందని ఏ.ఎస్.పేట దర్గాకు తీసకపోదామంటోంది. ఆయన్నడిగితే నాకేం కాలేదంటారు. ఇది జబ్బేనా? నేనేం చెయ్యాల?
ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: అమ్మా, ముందు ఆ గొంతు పట్టుకున్న సంగతి చెప్పుకుందాం. ఆ క్షణాన ఆయన పట్టుకున్నది మిమ్మల్ని కాదు. కలలో ఉన్న మనిషిని భుజం పట్టి కుదిపితే, ఆ చెయ్యి కలలోని శత్రువు చెయ్యి అయిపోతుంది. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన తర్ఫీదు ఆలోచన కంటే ముందే పనిచేస్తుంది. కాబట్టి ఇవాళ్టి నుంచే లేపే పద్ధతి మార్చండి. ఆయన చేతికందనంత దూరంలో, మంచానికి కాళ్ళవైపు నిలబడండి. లైటు వెయ్యండి. అరవకుండా, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. భర్తను పేరుతో పిలవడం మీకు అలవాటు లేకపోవచ్చు, ఈ ఒక్కచోట ఆ పట్టింపు వద్దు. నిద్రలో ఉన్నవాడి చెవికి సొంత పేరు అందినంత తొందరగా మరో మాట అందదు. "ఉదయగిరిలో మనింట్లో ఉన్నారు, నేనే" అని రెండు మూడుసార్లు చెప్పండి. లేచాక రెండు పాదాలూ నేలకానించి కూర్చోమని మంచినీళ్ళివ్వండి. గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. ఏం కలొచ్చిందని అప్పుడే అడగొద్దు. మంచం దగ్గర కత్తి, కర్ర, గొడ్డలి లాంటివి ఉంటే తీసేయండి. వేరే పడుకోవడం ప్రస్తుతానికి మంచి జాగ్రత్తే. అయితే మీరు దానికి ఒప్పుకున్నది అలిగి కాదని ఆయనకు విప్పి చెప్పండి. లేకపోతే తనను దూరం పెట్టారనుకుంటారు.

ఇది జబ్బే. డాక్టర్లు పిటిఎస్‌డి (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు, ఘోరం చూసిన మనసుకు మానని గాయమన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే షెల్‌షాక్ అన్నారు, పిరికితనమని కూడా అన్నారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ చూశాకే 1980లో వైద్యగ్రంథాల్లో దీనికి సొంత చోటు దొరికింది. డాక్టరు నాలుగు రకాల లక్షణాలు వెతుకుతారు. జరిగినది కలగానో, పగటిపూట కళ్ళముందో మళ్ళీ మళ్ళీ రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే చోట్లను, మనుషులను, మాటలను తప్పించుకోవడం రెండోది. మనసు మొద్దుబారడం, పిల్లలమీద కూడా ప్రేమ పుట్టనట్టుండటం, తననో లోకాన్నో నిందించుకోవడం మూడోది. ఎప్పుడూ కాపలాలో ఉన్నట్టుండటం నాలుగోది: నిద్ర లేకపోవడం, ఉలికిపాటు, చిర్రెత్తుకురావడం, తలుపువైపే చూపు. ఇవి నెల దాటి ఉండి, ఇంటికీ పనికీ అడ్డమైతే జబ్బు అంటారు. ఈ ఒళ్ళు డ్యూటీ మారిందన్న కబురందని సెంట్రీ లాంటిది, ఇంకా పోస్టు మీదే నిలబడి ఉంది. పిసిఎల్-5 అని 20 ప్రశ్నల పట్టిక ఉంటుంది, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 31–33 దాటితే పిటిఎస్‌డి ఉండే అవకాశం ఎక్కువని లెక్క. జబ్బు ఉందో లేదో తేల్చేది మాత్రం ఆ కాగితం కాదు, సైకియాట్రిస్టు.

అత్తమ్మగారి మాట కొట్టిపారేయకండి. దర్గాకు వెళ్ళి దండం పెట్టుకుని రావడంతో నష్టం లేదు. అక్కడ నెలల తరబడి ఉంచడం, కట్టేయడం, మొదలుపెట్టిన మందు ఆపేయడం మాత్రం కూడదు. వెళ్ళిన వారంలోనే డాక్టరు దగ్గరకూ వెళ్ళండి.

ఆయన్ను ఎలా తీసుకెళ్ళాలి? "మెంటల్ డాక్టరు" అంటే రారు. "మీకు సరిగా నిద్ర పట్టడంలేదు, నిద్రకు చూపిద్దాం" అనండి. అది అబద్ధం కాదు, చికిత్స నిజంగానే నిద్రతో మొదలవుతుంది. ఆయన గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగి ఎగశ్వాసతో లేస్తారా అన్నది రెండు రాత్రులు గమనించి డాక్టరుకు చెప్పండి. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే దానికి వైద్యం చేయనిదే పీడకలలు తగ్గడం కష్టం.

పిటిఎస్‌డికి అసలు మందు మాటే. భయపెట్టే జ్ఞాపకాన్ని, చోట్లను మెల్లమెల్లగా ఎదుర్కొనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతి వారానికొకసారి, గంటన్నర చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు. మనసులో పాతుకుపోయిన నమ్మకాలను విచారించి చూసే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ 12 సిట్టింగులు. కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఇఎండిఆర్ మూడోది. ఏ మానసిక విభాగానికి వెళ్ళినా "ట్రామాకు ప్రత్యేకంగా చేసే థెరపీ మీ దగ్గర ఉందా?" అని నేరుగా అడగండి. అడగకపోతే తరచుగా మాత్రలతో సరిపెడతారు. దగ్గర్లో లేకపోతే వీడియో కాల్‌లో చేసేవారిని చూడండి, ఎదురుగా కూర్చుని చేసినంత ఫలితం వస్తుంది.

మాత్రల్లో ఎక్కువగా రాసేది సెర్ట్రాలిన్. మొదటి వారం 25 మిల్లీగ్రాములు, తర్వాత 50, అవసరాన్నిబట్టి 200 దాకా. చాలామంది పదో రోజున ఆపేస్తారు. ఎందుకంటే మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం, కాస్త కంగారు పెరగడం ముందొస్తాయి. గుణం కనపడేది నాలుగు నుంచి ఆరు వారాలకు. మగవాళ్ళు ఆపేసే ఇంకో కారణం సంసార సంబంధమైన ఇబ్బంది. సిగ్గుపడి చెప్పరు, మందు మానేస్తారు. చెబితే మోతాదో మందో మార్చవచ్చు. తగ్గిన తర్వాత కూడా ఏడాది పాటు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పీడకలలకు ప్రజోసిన్ పడుకోబోయే ముందు 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. 2018లో అమెరికా మాజీ సైనికులమీద చేసిన పెద్ద పరీక్షలో ఇది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు, అయినా కొందరికి పనిచేస్తుంది కనుక వాడి చూస్తారు. మొదటి రాత్రి బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. రాత్రి లేచేటప్పుడు మంచంమీద ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడాలి. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి. నిద్రకని షాపులో ఇచ్చే ఆల్‌ప్రజోలం వద్దు. అలవాటు పడిపోతారు, జబ్బు లోపల అలాగే ఉంటుంది, థెరపీని కూడా చెడగొడుతుంది.

ఇంట్లో చేయగలిగేది ఒకటుంది. తరచూ వచ్చే కలల్లో మరీ భయంకరమైనది కాకుండా ఓ మాదిరిది ఎంచుకుని, పగటిపూట ఆయన్నే కాగితంమీద రాయమనండి. దాని ముగింపును తనకిష్టమైనట్టు మార్చి కొత్త కల రాయాలి. పాతది పక్కన పెట్టి, ఆ కొత్త కలను రోజూ పది నుంచి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని ఊహించుకోవాలి. రెండు మూడు వారాల్లో తేడా కనిపించడం మొదలవుతుంది. పడుకునే ముందు మాత్రం చేయొద్దు.

ప్రశ్న: నా వయసు 60. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో శాంతిసేనలో ఉన్నాను. తర్వాత బ్యాంకులో గార్డుగా చేశాను. అన్నేళ్ళూ బాగానే ఉన్నాను. ఉద్యోగం అయిపోయి, రెండేళ్ళ కింద నా భార్య పోయాక మొదలైంది. మా ఊరి క్వారీల్లో బ్లాస్టింగ్ మోగితే చెమటలు పట్టి, ఆ సాయంత్రమంతా మనిషిని కాను. ఒకసారి బజార్లో నేలమీద బోర్లా పడుకున్నాను. కొత్తపట్నం వైపు తాటితోపులు చూస్తే జాఫ్నా గుర్తొచ్చి బస్సు దిగేస్తాను. పెళ్ళిళ్ళకు, దీపావళికి బయటికే రాను. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇప్పుడేంటి? ఈ వయసులో తగ్గుతుందా?
ఒక మాజీ సైనికుడు, చీమకుర్తి

జవాబు: తగ్గుతుంది. వయసు అడ్డం కాదు, గడిచిన ఏళ్ళు కూడా అడ్డం కాదు.

ఇప్పుడెందుకంటే, ఇన్నేళ్ళూ మిమ్మల్ని కాసినవి రెండూ ఒకేసారి పోయాయి. ఒకటి డ్యూటీ టైము, రెండు ఇంట్లో తోడు. మనసు ఖాళీ అయినచోటికి పాతది పైకొస్తుంది. పైగా వయసుతో నిద్ర పలచబడుతుంది. అయినా ఒకసారి థైరాయిడ్, షుగరు, బి12 చూపించుకోండి. కలలో చేసే పనులన్నీ మంచంమీద కాళ్ళూ చేతులతో చేస్తున్నా, మతిమరుపు కొత్తగా వస్తున్నా నరాల డాక్టరుకు కూడా చెప్పాలి, అవి వేరే జబ్బు గుర్తులు కావచ్చు. పేలుళ్ళ దగ్గర పనిచేసిన చెవులు కనుక వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి. చెవిలో హోరు ఉన్నవారికి నిద్ర ఇంకా చెడుతుంది.

జబ్బును పెంచుతున్నది మాత్రం క్వారీ కాదు, మీరు బస్సు దిగేయడం. దిగిన వెంటనే గుండె నెమ్మదిస్తుంది. "దిగాను కాబట్టి బతికాను" అని మెదడు రాసుకుంటుంది. మర్నాడు ఇంకాస్త ముందే దిగమంటుంది. అలా ముందు తోపు, తర్వాత ఆ రోడ్డు, తర్వాత బస్సు, చివరికి ఇల్లే మిగులుతుంది. దీన్ని వెనక్కి తిప్పే పద్ధతి మెట్లు మెట్లుగా ఎదురుపడటం. ముందు ఇసిజి, బీపీ చూపించుకుని, గుండె బాగుందనిపించుకుని మొదలుపెట్టండి. థెరపిస్టు ఉంటే మంచిది. లేకపోయినా కింద చెప్పిన శబ్దాల, చోట్ల సాధన జాగ్రత్తగా చేసుకోవచ్చు.

ఒక నోటుబుక్కు తీసుకోండి. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయడం నేర్చుకోండి. 0 అంటే మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో ఉన్నప్పటి నెమ్మది, 100 అంటే ఆ బజార్లో పడుకున్న క్షణం. తప్పించుకుంటున్నవన్నీ పది పన్నెండు రాసి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి. మీ లెక్క ఇలా ఉండొచ్చు: ఫోన్లో తాటితోపు ఫొటో చూడటం 20. బ్లాస్టింగ్ శబ్దం రికార్డు చేసుకుని చిన్నగా వినడం 30, పెద్దగా వినడం 45. బ్లాస్టింగ్ వేళకు క్వారీకి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో టీ బంకు దగ్గర ఎవరైనా తోడుగా కూర్చోవడం 55, ఒక్కరే కూర్చోవడం 65. కొత్తపట్నం బస్సులో చివరిదాకా వెళ్ళడం 70. పగటిపూట తోపులో నడవడం 80. దీపావళి సాయంత్రం వీధరుగు మీద కూర్చోవడం 95. బ్లాస్టింగ్ ఏ వేళకు చేస్తారో క్వారీ బ్లాస్టరునో మేట్‌నో అడిగి తెలుసుకోండి. మొదట్లో టైము తెలిసి కూర్చోవాలి, తర్వాతి మెట్లలో తెలియకుండా.

30 మార్కుల దగ్గర మొదలుపెట్టండి. వారంలో కనీసం అయిదు రోజులు. ఒకసారి కూర్చుంటే భయం మార్కులు సగానికి దిగేదాకా లేవకూడదు. మామూలుగా 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదలుపెట్టినప్పుడు, బాగా పెరిగినప్పుడు, లేచేటప్పుడు ఎంతుందో మూడు అంకెలూ రాయండి. వరసగా రెండు మూడు రోజులు పెద్దగా పెరగడం లేదనిపిస్తే పై మెట్టు ఎక్కండి.

ఈ పద్ధతి చెడేచోట్లు ఎక్కువమందికి ఒకటే. భయం 80కి ఎక్కిన నిమిషంలో లేచి వచ్చేయడం మొదటిది. అలా చేయడం అసలు చేయకపోవడం కంటే చెడు. లేవాలనిపిస్తే పది అడుగులు వెనక్కి జరిగి అక్కడే ఉండండి. పెగ్గు వేసుకునో, మాత్ర మింగో కూర్చోవడం రెండోది. మెదడు ఆ ఘనతంతా పెగ్గుకే కట్టబెడుతుంది. చెవుల్లో దూది, గోడకానుకుని నిలబడటం, ఫోను చూస్తూ ఉండటం కూడా చిన్న పెగ్గులే, మెల్లగా వదలాలి. వారానికొక్కసారి చేసి ఫలితం లేదనడం, ఉత్సాహంతో మూడు మెట్లు ఒక్కసారే ఎక్కడం మిగతావి.

వీటితోపాటు రోజూ పొద్దున, రాత్రి అయిదేసి నిమిషాలు, నాలుగు లెక్కపెట్టేలోగా ఊపిరి తీసి, ఆరు లెక్కపెట్టేలోగా వదలండి. బిగుసుకుపోయిన ఒళ్ళు పట్టు సడలుతుంది.

జాఫ్నాలో మీరు చూసినదాన్నే కళ్ళు మూసుకుని తిరిగి చెప్పే భాగం ఒకటుంది, అది మాత్రం తర్ఫీదున్న థెరపిస్టు ఎదుటే చేయాలి. ఇంకో మాట, ఉలికిపాటు పూర్తిగా పోకపోవచ్చు. సాయంత్రమంతా తినేసే ఉలికిపాటు రెండు నిమిషాల్లో దిగిపోయేదయితే మీరు గెలిచినట్టే, పెళ్ళిళ్ళకు వెళ్ళండి.

ప్రశ్న: యుద్ధంలో పనిచేసిన వాళ్ళందరికీ ఇది వస్తుందా? మా అబ్బాయి అగ్నివీర్ సెలక్షన్లకు పోతున్నాడు.
ఒక తండ్రి, టంగుటూరు

జవాబు: రాదు. ఎక్కువమందికి రాదు. దగ్గరి మనిషి పోవడం చూసినవారికి, గాయపడినవారికి, పేలుడు ధాటికి తలకు దెబ్బ తగిలినవారికి, తిరిగొచ్చాక చెప్పుకునే మనిషి లేనివారికి ఎక్కువ. మీ చేతిలో ఉన్నది చివరిదే. సెలవుకొచ్చినప్పుడు ఎంతమందిని చంపావని చుట్టాలు సరదాగా అడుగుతారు, ఆ ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడగకుండా చూడండి.

ప్రశ్న: మా నాన్న నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యారు. కార్గిల్‌లో ఉన్నారు. రోజూ హాఫ్ బాటిల్ రమ్ము ఖాయం, క్యాంటీన్ కోటా చాలక బయట కూడా కొంటున్నారు. పొద్దున చుక్క పడకపోతే చేతులు వణుకుతాయి. నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామని అనుకుంటున్నాం. అమ్మకెవరో కూరలో కలిపే పొడి ఉందని చెప్పారు. ఏది మంచిది?
ఒక కొడుకు, కావలి

జవాబు: రెండూ ప్రాణాలమీదికి తెచ్చేవే. దయచేసి రెండూ చేయకండి.

హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు. ఏళ్ళ తరబడి ఇంత తాగి, పొద్దున వణికే మనిషికి ఒక్కసారిగా ఆపితే ఆరు గంటల నుంచే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదిరి, లేనివి కనపడి, జ్వరం కాసే దశ రావచ్చు. దాన్ని డెలీరియం అంటారు, వైద్యం అందకపోతే మనిషి పోతాడు. యుద్ధం చూసిన మనిషికి ఆ మతిచెదిరిన స్థితిలో కనపడేది యుద్ధమే. తాళం వేసిన గదిలో ఏం జరుగుతుందో ఊహించండి. ఆస్పత్రిలో అయిదు నుంచి ఏడు రోజులుంచి, క్లోర్‌డయజపాక్సైడ్ లాంటి మందు రోజురోజుకీ తగ్గిస్తూ ఇస్తారు. బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజక్షను ముందు పడాలి. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర నేరుగా గ్లూకోజ్ సెలైన్ పెట్టించకండి. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

కూరలో కలిపే పొడి చాలాచోట్ల డైసల్ఫిరామ్ మాత్ర పొడే. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. ఆఖరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆయనకు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడే మందు అది. తెలియకుండా కలపడం నేరం కూడా. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ ఉంది, లివరు పరీక్ష చూసి ఇస్తారు.

అసలు విషయం, మీ నాన్న రమ్ము తాగుతున్నది కలలు రాకుండా ఉండటానికి కావచ్చు. రమ్ము మొదటి సగం రాత్రి మొద్దునిద్ర ఇస్తుంది, రెండో సగంలో నిద్ర చెదిరి కలలు మరింత ఉధృతంగా వస్తాయి. దాంతో మర్నాడు ఇంకో పెగ్గు. "ముందు తాగుడు మానేసి రండి, అప్పుడు మిగతాది చూద్దాం" అనే చోట చేర్చకండి. రెండింటికీ కలిపి చేస్తేనే నిలుస్తుంది. మానిన మొదటి రెండు వారాల్లో కలలు పెరుగుతాయి. ముందే చెప్పి ఉంచితే ఆయన కంగారుపడి మళ్ళీ సీసా పట్టరు.

ప్రశ్న: సిఆర్‌పిఎఫ్‌లో ఛత్తీస్‌గఢ్‌లో చేశాను. ఒకరోజు నాకు జ్వరమని నా బదులు నా ఫ్రెండు రోడ్ ఓపెనింగ్ పార్టీకి, అంటే దారిలో బాంబులు వెతికే డ్యూటీకి వెళ్ళాడు. దారిలో పెట్టిన ఐఇడి బాంబు పేలి చనిపోయాడు. నేను పోవాల్సినవాణ్ణి. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర నైట్ కాపలా చేస్తున్నాను. లైసెన్సు తుపాకి ఉంది. బతకడమెందుకని అప్పుడప్పుడు అనిపిస్తుంది. మాత్రలతో ఈ తప్పు పోతుందా?
అల్లూరు నుంచి

జవాబు: ముందు తుపాకి. ఇవాళే, ఈ పేజీ పక్కన పెట్టి, ఇంట్లో ఒకరికి "నాకు ఈ మధ్య మనసు బాలేదు" అని చెప్పండి. తుపాకిని కొన్నాళ్ళు లైసెన్సున్న డీలరు దగ్గరో పోలీస్ స్టేషన్లోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఇది శిక్ష కాదు. చావాలన్న తలపు ఉధృతంగా ఉండేది చాలామందిలో నిమిషాలు, గంటలే. ఆ కాస్తసేపు చేతికందకపోతే మనిషి మిగులుతాడు. పొలం మందులు, చెరువు మందులు కూడా పెట్టెలో పెట్టి తాళంచెవి వేరేవారికివ్వండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, కేంద్రం 2022లో మొదలుపెట్టింది, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తలపు గట్టిపడితే ఫోనుతో ఆగొద్దు, ఎవరినైనా తోడు తీసుకుని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళండి. మీ ఇంట్లోవాళ్ళకు ఒక మాట: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది.

మీరు రాసిన తప్పు మాటకొస్తే, మాత్రలు నిద్రను, దిగులును తగ్గిస్తాయి. తప్పు చేశానన్న నమ్మకాన్ని అవి తాకవు. దానికి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ ఉంది. అందులో "నేను పోవాల్సినవాణ్ణి, వాడు పోయాడు" లాంటి ఒక్క వాక్యాన్ని తీసుకుని, న్యాయస్థానంలో సాక్ష్యం విచారించినంత నిదానంగా విచారిస్తారు. ఆ ఉదయం మీకు తెలిసినదేమిటి, తర్వాత తెలిసినదేమిటి? జ్వరమని చెప్పేటప్పుడు ఆ దారిలో ఐఇడి ఉందని తెలుసా? తెలిసి పంపించడం వేరు, తెలియక జరగడం వేరు. కాగితంమీద ఒక గుండ్రం గీసి, ఆ చావుకు కారణమైనవాళ్ళందరికీ వాటా పంచుతారు. ఐఇడి పెట్టినవాడు, పెట్టించినవాడు, ఆ దారి, ఆ రోజు దొరకని ఆ తీగ, డ్యూటీ వేసిన పట్టిక... అందరికీ ఇచ్చాక మిగిలినదే మీది. చాలామంది తమ వాటా ముందుగా నూటికి నూరు వేసుకుని కూర్చుంటారు, అందుకే చివర్న వేయిస్తారు.

దుఃఖం వేరు, నేరభావం వేరు. దుఃఖం మీకు ఉండాల్సిందే, అతను మీ స్నేహితుడు. అతని ఇంటికి ఇంతవరకు వెళ్ళకపోతే, థెరపీ కొంత సాగాక వెళ్ళడం గురించి మాట్లాడండి. క్షమాపణ అడగడానికి కాదు, అతను ఎలాంటివాడో వాళ్ళకు తెలియని నాలుగు సంగతులు చెప్పడానికి. అది మీ దగ్గరే ఉంది.

వీలైతే నైట్ కాపలా పని మార్చుకోండి. చీకట్లో ఒంటరిగా, తుపాకితో, ఏరియేటర్ల హోరులో తెల్లవార్లూ మెలకువ. మీ జబ్బుకు ఇంతకంటే చెడ్డ పని ఇంకొకటి ఉండదు. ఖర్చు విషయంలో, సిఆర్‌పిఎఫ్ పింఛనుదారులకు ఇసిహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వర్తించదు, మీది సిజిహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల వైద్య పథకం). ఆ కార్డు అయ్యేదాకా ఆగొద్దు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్ళండి.

ప్రశ్న: సైకియాట్రీలో చూపించుకుంటే పెన్షన్ ఆగుతుందా? పిల్లల సంబంధాలకు తెలుస్తుందా? డిజేబిలిటీ పెన్షన్ వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
కొండపి, బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఉత్తరాల సారాంశం

జవాబు: వైద్యం చేయించుకుంటే వస్తున్న సర్వీసు పెన్షన్ ఆగదు. సర్వీసులో ఉన్నవారికి మాత్రం షేప్ అనే సైనిక ఆరోగ్య వర్గీకరణలో ‘ఎస్’ అక్షరం మానసిక స్థితికి సంబంధించినది, అది తగ్గితే పోస్టింగు, ప్రమోషను మీద ప్రభావం ఉంటుంది. అది దాచి ఆయుధం పట్టుకుని తిరగడం అంతకంటే ప్రమాదం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను ప్రకారం మీ వివరాలు మీ అనుమతి లేకుండా బయటికి చెప్పకూడదు.

డిజేబిలిటీ పెన్షనుకు జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. పూర్తి సర్వీసు చేసి వచ్చినవారికి వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. చేరేటప్పుడు రికార్డులో రాయని జబ్బు సర్వీసులో బయటపడితే దాన్ని సర్వీసుదిగా భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. మీరు ఎప్పుడు డిశ్చార్జి అయ్యారన్నదే ఏ నియమం వర్తిస్తుందో చెబుతుంది. కేసులు ఎక్కువగా పోయేది కాగితం లేక. డిశ్చార్జి బుక్కు, రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ (సర్వీసు నుంచి వచ్చేటప్పుడు చేసిన వైద్య పరీక్ష కాగితాలు), సర్వీసులో ఆస్పత్రిలో చేరిన కాగితాలు, ఇప్పటి డాక్టరు చీటీలు తారీఖుల వరసన పెట్టుకోండి. లేనివి రికార్డు ఆఫీసుకు రాసి తెప్పించుకోండి. దరఖాస్తు రాయడంలో సాయం మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉచితం. తిరస్కరిస్తే అప్పీలు, ఆ తర్వాత సైనికుల కేసులు విచారించే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తిరస్కరణ ఉత్తరం వచ్చిన తారీఖు రాసి ఉంచుకోండి, గడువులు నెలల్లోనే ఉంటాయి.

వైద్యానికి ఇసిహెచ్‌ఎస్ కార్డున్నవారు మొదట తమ పాలీక్లినిక్‌లో మెడికల్ ఆఫీసరుకు చూపించుకుని సైకియాట్రీకి రెఫరల్ రాయించుకోవాలి. ఆ రెఫరల్‌తో గుర్తింపున్న ఆస్పత్రికి వెళితే బిల్లు కట్టక్కర్లేదు. అత్యవసరమైతే రెఫరల్ కోసం చూడకుండా దగ్గరి ఆస్పత్రిలో చేర్చి, 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలపాలి. కార్డులో భార్య పేరు ఉంటే ఆమె వైద్యానికి కూడా ఇదే దారి. ఏళ్ళ తరబడి నిద్రలేక ఆమెకూ దిగులు జబ్బు వచ్చి ఉండవచ్చు. రెఫరల్ రాయించుకునేటప్పుడు ఇద్దరి పేర్లమీదా రాయించుకోండి.